గేరు తానే మార్చుకొను కారు: దాని కథ, దాని జబ్బులు

కారు నడుపుట నేర్చుకొనువానికి తొలుదొలుత ఎదురగు చిక్కు స్టీరింగు కాదు, బ్రేకు కాదు; గేరు. ఎడమకాలితో క్లచ్చి తొక్కి, చేతితో గేరు కమ్మి జరిపి, క్లచ్చిని మెల్లగా వదలుచు, కుడికాలితో ఆక్సిలరేటరును నొక్కవలెను. ఈ నాలుగు పనులలో ఒకటి ముందువెనుకలైనను బండి కుదిపి ఆగిపోవును. ఈ శ్రమను మనిషి నుండి తీసి యంత్రమునకు అప్పగించిన సాధనమే ఆటోమాటిక్ గేర్‌బాక్సు. దీని కథ నూరేళ్లకు పైబడినది.

ఈ కథ వినోదమునకు మాత్రమే చెప్పుకొనదగినది కాదు. ఆటోమాటిక్ కారు గల గృహస్థుని ఏదో యొకనాడు మెకానిక్కు ఒక మాటతో నిలువునా వణికించును: “గేర్‌బాక్సు పోయినదండీ, మొత్తము మార్చవలెను.” ఆ మాట నిజము కావచ్చును. లేక, చమురు తగ్గుటయో, ఒక తీగె వదులగుటయో అసలు కారణము కావచ్చును. మొదటిదానికి లక్షలు కావలెను. రెండవదానికి కొన్ని వందలు చాలును. ఈ రెంటికిని గల భేదమును ఇంటివద్దనే కొంతవరకు తెలిసికొను ఉపాయములు కలవు. అయితే ఈ యంత్రము ఒక్కసారిగా పుట్టినది కాదు. చమురుతో తిరుగు భాగమొక కాలమున, గేర్ల పొందిక మరియొక కాలమున, కవాటములు ఇంకొక కాలమున, విద్యుత్తుతో నడచు మెదడు కడపటను వచ్చి చేరినవి. ఒక్కొక్క భాగముతో పాటు దాని జబ్బులును వచ్చినవి. కావున కథ తెలిసినవానికి జబ్బు తావు తెలియుట సులభము.

అసలు గేర్లెందుకు?

ఆవిరియంత్రము నిలిచియున్న స్థితి నుండియే పూర్తి బలముతో లాగగలదు. పెట్రోలు ఇంజనుకు ఆ శక్తి లేదు. నిమిషమునకు కొన్నివందల చుట్లకు తక్కువగా తిరిగినచో అది ఆగిపోవును. బండి కదలునప్పుడు చక్రములకు కావలసినది హెచ్చు బలము, తక్కువ వేగము. రహదారిపై పరుగిడునప్పుడు కావలసినది తక్కువ బలము, హెచ్చు వేగము. ఇంజను మాత్రము ఎప్పుడును వేగముగానే తిరుగగోరును. ఈ ఇద్దరికిని నడుమ రాజీ కుదుర్చునదే గేర్‌బాక్సు. బండి నిలిచినప్పుడు ఇంజనును చక్రముల నుండి విడదీయునది క్లచ్చి. ఆటోమాటిక్ గేర్‌బాక్సు ఈ రెండు పనులను తానే చేయవలెను.

ఓడలో పుట్టిన ఊహ

ఈ కథకు నాంది మోటారుకారులో కాక ఓడలో జరిగినది. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఓడలలో ఆవిరి టర్బైనులను అమర్చుట మొదలాయెను. టర్బైను మిక్కిలి వేగముగా తిరిగిననే చక్కగా పనిచేయును. ఓడను నెట్టు ప్రొపెల్లరు నెమ్మదిగా తిరిగిననే చక్కగా పనిచేయును. జర్మనీలోని స్టెట్టిన్ రేవునందలి వల్కన్ నౌకానిర్మాణశాలలో పనిచేయుచుండిన హెర్మన్ ఫోటింగర్ అను ఇంజనీరు ఈ రెంటిని ఇనుప పండ్లతో గాక ద్రవముతో కలుపవచ్చునని తలచి 1905లో పేటెంటు పొందెను.

ఆ ఊహను ఇంటిలోనే చూడవచ్చును. రెండు బల్లపంకాలను ఎదురెదురుగా నుంచి, ఒకదానికి మాత్రమే కరెంటు ఇచ్చినచో, దాని గాలికి రెండవది కూడ తిరుగనారంభించును. గాలికి బదులు చమురు నింపి, రెంటిని ఒకే డొల్లలో దగ్గరగా బిగించినచో అదే ద్రవసంధానము. ఇంజను మెల్లగా తిరుగునప్పుడు చమురు తాకిడి బలహీనము. బండి కదలదు, ఇంజనును ఆగదు. వేగము హెచ్చిన కొలది చమురు రెండవ చక్రమును బలముగా నెట్టును. క్లచ్చి పని తొక్కకుండగనే జరిగిపోయినది.

ఈ సంధానము బలమును అందించునే గాని పెంచదు. పెంచుటకు ఫోటింగర్ మరియొక చిన్న చక్రమును నడుమ ఉంచెను. రెండవ చక్రము నుండి తిరిగి వచ్చు చమురు మొదటి చక్రమునకు ఎదురుతాకి దాని వేగమును తగ్గించును. నడుమనున్న ఈ చక్రపు రెక్కలు ఆ చమురును మలపి, మొదటి చక్రమునకు సాయముగా పంపును. అందువలన బండి కదలుచున్న తరుణమున తిప్పెడు బలము సుమారు రెట్టింపగును. దీనినే టార్క్ కన్వర్టరు అందురు. నడిమి చక్రమునకు స్టేటరు అని పేరు.

అయితే ప్రకృతి దేనిని ఊరక ఇయ్యదు. రెండు చక్రముల వేగములలో భేదమున్నంతసేపు ఆ భేదమునకు తగిన శక్తి చమురులో వేడిగా మారును. ఆటోమాటిక్ గేర్‌బాక్సు జబ్బులలో చాలవాటికి తల్లివేరు ఈ వేడియే. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

గ్రహములవలె తిరుగు గేర్లు

గేరు తనంతట మారవలెనన్న ఆశ కారుతో పాటే పుట్టినది. 1904లో అమెరికాలోని బోస్టను నగరమున స్టర్టివెంట్ సోదరులు వేగము హెచ్చినప్పుడు దూరముగా జరుగు బరువుల సాయముతో గేరు మార్చు బండిని చేసిరి. అది నమ్మకముగా పనిచేయలేదు. 1921లో కెనడా దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ హార్నర్ మన్రో చమురుకు బదులు అదిమిన గాలితో పనిచేయు గేర్‌బాక్సును నిర్మించెను. దానికి బలము చాలలేదు.

గెలిచిన పొందిక వేరు. నడుమ సూర్యుని వలె ఒక చక్రము, దాని చుట్టును తిరుగు గ్రహముల వలె చిన్నచక్రములు, వాటిని చుట్టి లోపలివైపు పండ్లుగల ఒక వలయచక్రము — ఈ మూటిలో ఒకదానిని కదలకుండ పట్టినచో ఒక వేగము, వేరొకదానిని పట్టినచో మరియొక వేగము, రెంటిని కలిపి బిగించినచో మొత్తము ఒకే ముద్దగా తిరుగును. పండ్లను ఒకదాని నుండి వేరొకదానికి జరుపనక్కరలేదు. పట్టుకొనుట, వదలుట మాత్రమే పని. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారులో ఈ అమరికయే ఉండెను. అయితే పట్టు పని డ్రైవరు పాదములదే. 1930లో ఇంగ్లండులోని డైమ్లర్ సంస్థ వాల్టర్ విల్సన్ కల్పించిన గ్రహచక్రముల గేర్‌బాక్సుకు ద్రవసంధానమును జోడించెను. ఇక మిగిలినది ఒక్కటే: ఏ గేరును ఎప్పుడు పట్టవలెనో నిర్ణయించు మెదడు.

1939: చమురుతో ఆలోచించిన యంత్రము

ఆ మెదడును చమురుతోనే చేసినవారు అమెరికాలోని జనరల్ మోటార్సు ఇంజనీర్లు. వారికి నాయకుడు ఎర్ల్ థాంప్సన్. 1928లో కాడిలాక్ కారులో వచ్చిన, రాపిడి చప్పుడు లేకుండ గేర్లు కలియు సింక్రోమెష్ పద్ధతి కూడ ఆయనదే. 1939లో, 1940 సంవత్సరపు ఓల్డ్స్‌మొబీల్ కార్లతో పాటు, “హైడ్రామాటిక్” అను పేర నాలుగు గేర్ల ఆటోమాటిక్ గేర్‌బాక్సు అమ్మకమునకు వచ్చినది. దానికై కొనువాడు అదనముగా ఇయ్యవలసినది 57 డాలర్లు.

దాని మెదడు పనిచేయు తీరు ముచ్చటైనది. ఇంజను తిప్పు పంపు చమురుకు ఒత్తిడి కల్పించును. బండి వేగము హెచ్చిన కొలది గవర్నరు అను సాధనము ఒకవైపు నుండి చమురు ఒత్తిడిని పెంచును. ఆక్సిలరేటరును తొక్కిన కొలది రెండవవైపు నుండి మరియొక ఒత్తిడి పెరుగును. ఈ రెండును ఒక చిన్న కవాటమునకు ఇరుప్రక్కల నిలిచి తోసికొనును. వేగము గెలిచినచో పై గేరు. కాలు గెలిచినచో క్రింది గేరు. త్రాసులోని రెండు తట్టల వలెనే! ఎత్తు ఎక్కుచు గట్టిగా తొక్కినప్పుడు బండి క్రింది గేరులోనే నిలుచుట ఇందువల్లనే.

యుద్ధము ఈ యంత్రమును పరీక్షించినది. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యపు ఎం5 స్టూవర్ట్ టాంకులలో రెండేసి కాడిలాక్ ఇంజన్లను, వాటికి హైడ్రామాటిక్ గేర్‌బాక్సులను అమర్చిరి. యుద్ధానంతరము 1948లో బ్యూక్ కార్లలో టార్క్ కన్వర్టరు గల “డైనాఫ్లో” వచ్చినది. గేరు మారిన జాడయే తెలియనంత మెత్తగా నడచునది గాని, నడుమ జారుటచే పెట్రోలు హెచ్చుగా త్రాగెడిది. 1949లో పాకార్డ్ సంస్థ, పరుగులో చమురును తప్పించి రెండు చక్రములను నేరుగా బిగించు లాకప్ క్లచ్చిని చేర్చినది. ఈ చిన్న క్లచ్చి గూర్చి మరల ముచ్చటించెదము.

ఈ యంత్రముపై ఎంతమంది ఆధారపడిరో 1953 ఆగస్టు 12న లోకమునకు తెలిసినది. డెట్రాయిట్ సమీపమున లివోనియాలోని హైడ్రామాటిక్ కర్మాగారము ఆ దినమున కాలిపోయినది. కొన్ని వారములపాటు కాడిలాక్, ఓల్డ్స్‌మొబీల్ కార్లలో బ్యూక్ వారి గేర్‌బాక్సును, పాంటియాక్ కార్లలో షెవ్రొలే వారి గేర్‌బాక్సును బిగించి అమ్మవలసివచ్చెను. ఉత్పత్తిని, యుద్ధకాలమున బాంబరు విమానములు తయారైన విల్లో రన్ కర్మాగారమునకు తరలించిరి.

చమురు చెప్పు సమాచారము

వైద్యుడు నాడి చూచినట్లు, ఆటోమాటిక్ గేర్‌బాక్సును చూడవలసినవాడు ముందుగా చమురును చూడవలెను. మామూలు గేర్‌బాక్సులో చమురు పండ్లకు తడి మాత్రమే. ఇందులో అది బలమును మోయును, కవాటములను నడపును, క్లచ్చిలను బిగించును, వేడిని బయటికి కొనిపోవును. నాలుగు ఉద్యోగములు చేయు ఈ చమురుకు 1949లో జనరల్ మోటార్సు “టైప్ ఏ” అను ప్రమాణమును ఏర్పరచినది. 1967లో “డెక్స్‌రాన్” వచ్చినది. ఇంజను చమురుతో పొరబడకుండుటకై దీనికి ఎర్రరంగు కలుపుదురు. కారు క్రింద నేలపై ఎర్రని మరక కనబడినచో అది ఎచ్చట నుండి వచ్చినదో ఊహించుటకు ఈ రంగే తొలి ఆనవాలు.

ఈ చమురు కథలో తిమింగలమునకు కూడ పాత్ర కలదు. క్లచ్చి పలకలు కుదుపు లేకుండ మెత్తగా పట్టుకొనుటకై స్పెర్మ్ తిమింగలపు నూనెను చమురులో కలిపెడివారు. ఆ జాతి నశించుచున్నదని 1970లో అమెరికా ప్రభుత్వము దానిని రక్షింపవలసిన జంతువుల పట్టికలో చేర్చగా, రసాయనికులు బదులు వెదకవలసివచ్చెను. 1973లో వచ్చిన క్రొత్త చమురు తొలిరూపము రేడియేటరులోని శీతలీకరణ గొట్టముల అతుకులను తినివేయుచున్నదని తేలగా, త్వరలోనే దానిని సవరించిరి. చమురులోని ఒక చిన్న కల్తీయో, మార్పో మొత్తము యంత్రమును ఎట్లు బాధించునో ఈ కథ చెప్పుచున్నది. నేటికిని తగని చమురు పోయుట గేర్‌బాక్సును చేజేతుల పాడుచేసికొనుటయే.

చమురు కొలుచు కమ్మి, అనగా డిప్‌స్టిక్కు, గల కార్లలో పరీక్ష తేలిక. బండిని సమతలముపై నిలిపి, కొంతదూరము నడపి వేడెక్కిన పిమ్మట, చేతిబ్రేకు వేసి, సాధారణముగా ఇంజను తిరుగుచుండగనే కమ్మిని తీసి చూడవలెను. కొన్ని కార్లలో ఇంజను ఆపి చూడవలెను. కారుతో ఇచ్చిన పుస్తకము చెప్పినదే ప్రమాణము. చమురును తెల్లని గుడ్డపై అద్దినచో అది ఇట్లు మాటలాడును:

ఎర్రగా, తేటగా ఉన్నచో క్షేమము. గోధుమరంగుకు తిరిగినచో వయస్సు మీరినది. నల్లబడి మాడు వాసన కొట్టినచో క్లచ్చి పలకలు కాలినవి. పాలు కలిసిన గులాబిరంగులో నున్నచో శీతలీకరణ గొట్టము చిల్లిపడి రేడియేటరు నీరు లోనికి చేరినది. అట్టి బండిని ఇక నడపరాదు. నురుగు కనబడినచో చమురు హెచ్చయినను కావలెను, తక్కువై పంపు గాలి పీల్చుచున్నను కావలెను. గుడ్డపై మెరయు లోహపు రజను కనబడినచో లోపల ఇనుము ఇనుమును తినుచున్నదన్నమాట.

గేరును బట్టి దోషము

1956లో క్రైస్లర్ సంస్థ “టార్క్‌ఫ్లైట్” అను మూడు గేర్ల యంత్రమును తెచ్చినది. హవార్డ్ సింప్సన్ అను ఇంజనీరు కల్పించిన పొందికలో రెండు గ్రహచక్రముల జట్లకు ఒకే సూర్యచక్రము. ఈ పొందిక చాలకాలము, చాల సంస్థల గేర్‌బాక్సులలో నిలిచినది. రోగనిర్ణయము ఎట్లు తర్కముతో సాగవలెనో నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు.

ఇందులో పట్టుసాధనములు ఐదు: వెనుక క్లచ్చి, ముందు క్లచ్చి, ముందు పట్టీ, వెనుక పట్టీ, ఒకేవైపు తిరుగు క్లచ్చి. వెనుక క్లచ్చి ముందుకు పోవు గేర్లన్నిటను పనిచేయును. మొదటి గేరులో దానికి తోడు ఒకేవైపు క్లచ్చి. రెండవ గేరులో ముందు పట్టీ. మూడవ గేరులో ముందు క్లచ్చి. రివర్సులో ముందు క్లచ్చియు, వెనుక పట్టీయు. చేతితో మొదటి గేరును ఎన్నుకొన్నప్పుడు వెనుక పట్టీ కూడ సాయము వచ్చును.

ఇప్పుడు చూడుడు. మూడవ గేరులో ఇంజను హోరుమని తిరుగుచు బండి వేగము పెరుగుటలేదు. రివర్సులోను అదే జారుడు. ఈ రెంటికి ఉమ్మడియైనది ముందు క్లచ్చి ఒక్కటే, దోషి అదే. ముందు గేర్లలో ఏ రెండింటనైనను జారి, రివర్సు మాత్రము బాగున్నచో వెనుక క్లచ్చి. ‘డి’లో మొదటి గేరు జారుచు, చేతితో ఎన్నుకొన్న మొదటి గేరు గట్టిగా పట్టినచో ఒకేవైపు క్లచ్చి. అన్ని గేర్లును, రివర్సును జారినచో అన్ని సాధనములు ఒకేసారి చెడుట అరుదు. అన్నిటికి ఉమ్మడియైన చమురును, జల్లెడను, పంపును అనుమానింపవలెను. ఒక్క పానా తిప్పకుండ, నాలుగు వీధులు నడపి, కాగితముపై వ్రాసికొన్న వానికి ఇంత తెలియును. కారును బట్టి సాధనముల పేర్లు, లెక్క మారును గాని తర్కము మారదు.

ఆ కాలపు మరియొక జబ్బు గుర్తుంచుకొనదగినది. ఆక్సిలరేటరు సమాచారమును గేర్‌బాక్సుకు అందించుటకై అనేక కార్లలో ఇంజను పీల్పును వాడిరి. ఒక రేకుడిబ్బీలో రబ్బరు పొర ఆ పీల్పునకు లోబడి కదలును. ఆ పొర చినిగినచో గేర్లు ఆలస్యముగా, కుదుపుతో మారును. నేలపై మరక లేకయే చమురు తగ్గుచుండును. పొగగొట్టము నుండి తెల్లని పొగ వచ్చును. ఏలనన ఇంజను ఆ చిరుగు గుండ చమురును పీల్చి కాల్చుచున్నది. పీల్పుగొట్టమును ఊడదీసి చూడగా లోపల ఎర్రని తడి కనబడినచో నిర్ణయము పూర్తి. గేర్‌బాక్సును విప్పనక్కరలేదు, ఆ డిబ్బీని మార్చిన చాలును.

మెకానిక్కులు చేయు ఒక పరీక్షను ఇంటివద్ద చేయరాదు. బ్రేకు పూర్తిగా తొక్కి, గేరులో నుంచి, ఆక్సిలరేటరును కడవరకు నొక్కి ఇంజను ఎన్ని చుట్లు తిరుగునో చూచుట అది. లెక్కకు మించి తిరిగినచో లోపల జారుడు. లెక్కకు మిక్కిలి తగ్గినచో ఇంజను నీరసమో, స్టేటరు దోషమో. కాని ఆ కొద్ది సెకండ్లలో ఇంజను శక్తియంతయు చమురులో వేడిగా మారును. బ్రేకు జారినచో ఎదుటనున్నవాని ప్రాణమునకు ముప్పు.

విద్యుత్తు మెదడు

1969లో ఫ్రాన్సుకు చెందిన రెనో 16 కారులో విద్యుత్ సాధనములు గేరు మార్పును నిర్ణయింపసాగెను. 1980లలో ఈ పద్ధతి వ్యాపించినది. గవర్నరు పోయి వేగమును కొలుచు సెన్సార్లు వచ్చినవి. చమురు దారులను తెరచి మూయు పని సొలినాయిడ్లు అను విద్యుత్ కవాటములకు చిక్కినది. పెట్రోలు ధర పెరిగిన 1970లలో పాకార్డ్ వారి పాత లాకప్ క్లచ్చికి మరల గౌరవము వచ్చినది. 1978 కార్లలో క్రైస్లర్ దానిని చేర్చగా ఇతరులు అనుసరించిరి.

ఈ లాకప్ క్లచ్చి ఒక క్రొత్త జబ్బును తెచ్చినది. గంటకు అరువది, డెబ్బది కిలోమీటర్ల వేగమున, కాలు తేలికగా నుంచి పోవుచుండగా, గరుకునేలపై నడచినట్లు బండి వణకును. ఇంజను సరిగా మండకపోయినను ఇట్టి వణకే కలుగును. భేదము తెలియుట ఎట్లు? ఆక్సిలరేటరు కదపకుండ, ఎడమకాలితో బ్రేకును తాకీ తాకనట్లు నొక్కవలెను. బ్రేకు సంకేతము అందగానే లాకప్ క్లచ్చి విడిపోవును. ఆ క్షణమున వణకు ఆగి, ఇంజను చుట్లు కొద్దిగా పెరిగినచో దోషము ఆ క్లచ్చిదో, పాతబడిన చమురుదో. వణకు ఆగనిచో ఇంజనును చూడవలెను. వాహనములు లేని తిన్నని రహదారిపై మాత్రమే ఈ పరీక్ష చేయదగును.

1996 నుండి అమెరికాలో అమ్ము కార్లన్నిటికి స్వయంపరీక్షా పద్ధతి, దానికొక సాకెట్టు తప్పనిసరియైనవి. క్రమముగా ఇతర దేశములలోను ఇట్టి ఏర్పాటు వచ్చినది. స్టీరింగు క్రిందనున్న ఆ సాకెట్టుకు చిన్న పరికరమును తగిలించినచో కారు తన బాధను అంకెలలో చెప్పును. పి 0700 అనగా గేర్‌బాక్సు విభాగమున ఏదో దోషమున్నదని; పి 0715 అనగా లోపలికి వచ్చు వేగమును కొలుచు సెన్సారు దారిలో దోషమని; పి 0730 అనగా గేరు నిష్పత్తి సరిపోలేదని; పి 0740 అనగా లాకప్ క్లచ్చి దారిలో దోషమని.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. సంకేతము లక్షణమును చెప్పును గాని కారణమును చెప్పదు. జ్వరమాపకము జ్వరమున్నదనునే గాని మలేరియా అనదు గదా! పి 0730 కనబడినంత మాత్రమున క్లచ్చి కాలినదని తీర్పు చెప్పరాదు. చమురు తక్కువైనను అదే సంకేతము రావచ్చును. బ్యాటరీ నీరసించినను కంప్యూటరు తికమకపడును. అనుమానము కలిగినప్పుడు అది యంత్రమును కాపాడుటకై బండిని ఒకే గేరులో నిలిపివేయును; చూచువానికి గేర్‌బాక్సు చచ్చినట్లే తోచును. తుప్పుపట్టిన ఒక తీగెకొనను చూడక యంత్రమంతయు విప్పుట, పిల్లను చంకనుంచుకొని ఊరెల్ల వెదకుటయే.

మన నేలపై

ఈ కథ నేడు తెలుగునేలకు చేరినది. అనంతపురము జిల్లాలో పెనుకొండ సమీపమున — 2022 నుండి అది శ్రీ సత్యసాయి జిల్లా — స్థాపింపబడిన కియా కర్మాగారము నుండి 2019లో సెల్టాస్ కారు వెలువడినది. ఆ ఒక్క కారులోనే మూడు విధముల ఆటోమాటిక్‌లు లభించెను: డీజిలుకు టార్క్ కన్వర్టరు, ఒక పెట్రోలు ఇంజనుకు గేర్లే లేక రెండు కప్పీల నడుమ నడచు సి.వి.టి., మరియొకదానికి రెండు క్లచ్చిల గేర్‌బాక్సు. సి.వి.టి.కి పూర్వరూపము 1958లో హాలండునందు హబ్ వాన్ డూర్నె రబ్బరు పట్టీలతో డాఫ్ కారులో అమర్చినదే. వీటికి తోడు 2014లో మారుతి సెలెరియోతో మన దేశమున ఏ.ఎం.టి. ప్రచారమునకు వచ్చినది, అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్చి త్రొక్కుట, గేరు మార్చుట మాత్రము యంత్రపు చేతులు చేయును.

కావున “ఆటోమాటిక్” అనిన చాలదు. ఏ జాతిదో తెలియవలెను. ఏ.ఎం.టి. గేరు మార్చునప్పుడు కొద్దిగా తలయూచుట దాని స్వభావము, జబ్బు కాదు. సి.వి.టి.లో గట్టిగా తొక్కినప్పుడు ఇంజను ముందు హోరెత్తి బండి తరువాత అందుకొనుట కూడ అట్టిదే. ఏ.ఎం.టి.లోను, పొడి క్లచ్చిలు గల రెండు క్లచ్చిల జాతిలోను, ఎత్తుపై బ్రేకు బదులు ఆక్సిలరేటరుతో బండిని నిలుపుట క్లచ్చిని కాల్చుటయే. నగరములలో అడుగడుగున ఆగి కదలు రద్దీయందు ఈ వేడి మరింత హెచ్చును.

విచారింపదగిన సంగతి మరియొకటి కలదు. అనేక నేటి కార్లలో గేర్‌బాక్సుకు డిప్‌స్టిక్కు లేదు. చమురు జీవితాంతము మార్చనక్కరలేదని కొందరు తయారీదారులు చెప్పుదురు. ఎవరి జీవితము? వేడికి చమురు చెడుట రసాయనధర్మము. మన ఎండలు, మన రద్దీ ఆ ధర్మమును త్వరపరచును. కమ్మి లేని కారులో అంచనా వేయుటకు బండిని ఎత్తి, చమురు ఉష్ణోగ్రతను కొలిచి, మట్టపు మూతను విప్పవలెను. ఇది షెడ్డులో చేయదగిన పని. గృహస్థుడు దానిని అడిగి చేయించుకొనవలెను.

ఇంటివద్ద చూడవలసిన వరుస

చౌకదానితో మొదలిడి ప్రియమైనదానికి పోవుట రోగనిర్ణయ సూత్రము.

1. బండి నిలుచు చోట నేలను చూడుడు. మరక ఎర్రనా, నల్లనా, నీరా?

2. బ్యాటరీ కొనలు శుభ్రముగా, బిగువుగా నున్నవా చూడుడు. హెచ్చరిక దీపము వెలిగియున్నచో సంకేతమును చదివి వ్రాసికొనుడు, వ్రాసికొనకుండ చెరపవలదు.

3. కమ్మి ఉన్నచో చమురు మట్టము, రంగు, వాసన చూడుడు.

4. గేరు కమ్మి ‘ఎన్’లో నుండగా బండి ప్రాకినచో, ‘పి’లో ఇంజను అంటుకొననిచో లోపలి యంత్రము కంటె ముందుగా కమ్మి తీగె అమరికను అనుమానింపుడు.

5. బ్రేకు తొక్కి ‘ఎన్’ నుండి ‘డి’కి, ‘ఆర్’కు మార్చి, బండి గేరును పట్టుటకు ఎంతసేపగునో చూడుడు. రెండు సెకండ్లకు మించినచో చమురు తక్కువో, రబ్బరు సీళ్లు గట్టిపడుటో. ఒక్క దెబ్బ చప్పుడు మాత్రమే వచ్చినచో ఇంజను దిండ్లు చినిగియుండవచ్చును.

6. నెమ్మదిగా నడపి, ఏ గేరులో, ఎంత వేగమున, చల్లగానా వేడిగానా దోషము కనబడుచున్నదో కాగితముపై వ్రాయుడు.

మాడు వాసన, లోహపు రజను, గులాబిరంగు చమురు, రివర్సు పూర్తిగా లేకపోవుట — ఇవి కనబడినప్పుడు పరీక్షలు మాని బండిని ఆపవలెను. దానిని నడిపించు చక్రములు నేలపై నుంచి దూరము లాగించుకొని పోరాదు. పంపును తిప్పునది ఇంజను; అది ఆగినప్పుడు చక్రములు తిరిగినను చమురు తిరుగదు, లోపలి భాగములు ఎండి అరిగిపోవును. బండిని లారీపై ఎక్కించుటయే క్షేమము.

గృహస్థుడు గేర్‌బాక్సును తానే బాగుచేసికొనవలెనని ఈ వ్యాసము చెప్పుటలేదు. వందల ముక్కలు గల ఆ యంత్రమును విప్పుట నేర్పరుల పని. కాని “గేర్‌బాక్సు పోయినది” అని చెప్పించుకొనువాడు వేరు, “మూడవ గేరులోను, రివర్సులోను జారుచున్నది, చమురు మట్టము సరిగానున్నది, రంగు నల్లబడినది” అని చెప్పగలవాడు వేరు. మొదటివాడు తీర్పు వినుటకు పోవును. రెండవవాడు సాక్ష్యము తీసికొనిపోవును. మంచి మెకానిక్కుకు అది సాయము, తొందరపాటు మెకానిక్కుకు అది కళ్లెము. ఫోటింగర్, థాంప్సన్, సింప్సన్ మొదలగువారు మన చేతి నుండి గేరు మార్చు శ్రమను తీసికొనిరి. గమనించు శ్రమను మాత్రము ఎవ్వరును తీసికొనలేదు. అది నేటికిని మనదే.